చడావు ఎక్కని కారు

నాకు అనుమానం ఎక్కువని మా వాళ్ళందరూ అంటారు. అనుకోనివ్వండి. పాత కారు కొని అనుమానం లేకుండా బతికిన మనిషిని ఒక్కరిని చూపించమనండి, అప్పుడు ఒప్పుకుంటాను. మాది పాత కారు మాత్రమే కాదు, క్లచ్చు లేని పాత కారు. ఇనుపకొండ కింద మా మైనింగు కాలనీలో ఆ రోజుల్లో అలాంటిది ఇంకొకటి లేదు. దానికి ఏ జబ్బు చేసినా చూసే వైద్యుడూ లేడు.

సరదాకి కొన్న కారు కాదది. మా ఆయన గనిలో డంపర్ నడిపేవారు. ఒక వానాకాలం డ్యూటీ దిగుతూ డంపర్ నిచ్చెన మీంచి జారి నడుం విరగ్గొట్టుకున్నారు. నడుం అతుక్కుంది గానీ ఎడమ కాలు మాట వినడం మానేసింది. చేతికర్రతో నడుస్తారు, అంతే. క్లచ్చు తొక్కేంత బలం ఆ కాలికి మళ్ళీ రాలేదు. టైమాఫీసులో కూర్చునే పని ఇచ్చారు. దానికి వెళ్ళాలంటే షిఫ్టు బస్సు మెట్లు ఎక్కలేరు. ఎవరో ఒకరి స్కూటర్ వెనక కూర్చుని వెళ్ళేవారు. కొండంత రాయిని కొండ మీంచి దించిన మనిషిని రేషన్ బియ్యం బస్తాలా వెనకేసుకుని తీసుకెళ్తుంటే చూడలేక లోపలికి వెళ్ళిపోయేదాన్ని. సెలవు రోజున క్వార్టర్ మెట్ల మీద రోడ్డుకి వీపు పెట్టి కూర్చునేవారు.

అలాంటప్పుడు విశాఖపట్నం బదిలీ అయిన ఒక ఆఫీసరు తన కారు అమ్మాడు. రెండే పెడళ్ళు, రెండూ కుడి కాలితోనే. గేర్లు దానంతట అదే వేసుకుంటుంది. తాళం చేతికొచ్చిన మొదటి ఆదివారం మా ఆయన ఒక్కరే గీదం సంతకి వెళ్ళి ఎవరికీ అక్కర్లేని బుట్టెడు టమాటాలు కొనుక్కొచ్చారు. ఇన్నెందుకని తిట్టాను. తిట్టి వంటింట్లోకి వెళ్ళి ఏడ్చాను. ఆయన గేటు దగ్గర కారు చుట్టూ తిరుగుతూ ఈల వేస్తున్నారు.

కొన్నాక రెండో ఏడు, వానలు వెనకబట్టాక మొదలైంది తంటా. మా క్వార్టర్ల నుంచి మెయిన్ రోడ్డుకి వెళ్ళాలంటే వాటర్ ట్యాంకు పక్కన ఒక ఎత్తు ఎక్కాలి. దాన్ని కాలనీలో అందరూ హిందీలో చడావు అనేవాళ్ళు, తెలుగువాళ్ళం కూడా. ఆ చడావు మీద కారు ముక్కేది. ఇంజను గొంతు చించుకుంటుంది, బండి మాత్రం చీమలా పాకుతుంది. వెనక పెరటి వసారాలో నిలబడి నేను రోజూ వినేదాన్ని. ఇంటికొచ్చాక బానెట్ దగ్గర మాడిన పోపు వాసన. ఆయన మొహం చూస్తే అడగడానికి భయం.

"గేరు జారుతోంది," అన్నారు ఒకరోజు. "ఆటోమేటిక్ బాక్సు ముసలిదైపోయింది."

బాక్సు పోతే ఆ కారు పోయినట్టే. దాని సామాన్లు రాయపూర్‌లో కూడా దొరకవని అందరూ చెప్పారు. కారు పోతే మా ఆయన మళ్ళీ మెట్ల మీదికి, రోడ్డుకి వీపు పెట్టి. అందుకే నేను ఊరుకోలేదు. బాక్సు దానంతట అది పోవడం లేదు, ఎవరో పోగొడుతున్నారని నా మనసుకి గట్టిగా తట్టింది.

మొదటి అనుమానం అమ్మినవాడి మీదే. ఎస్టీడీ బూత్ నుంచి విశాఖపట్నానికి ఫోన్ చేశాను. బండికి ఏ నూనె పోసేవారని మాత్రమే అడిగాను. "నా దగ్గరున్నన్నాళ్ళూ గేర్ బాక్సు బ్రహ్మాండంగా ఉండేదమ్మా," అన్నాడాయన. బాక్సు సంగతి నేనెత్తనే లేదు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, ఈయనకి ముందే తెలుసన్నమాట అనుకున్నాను.

రెండో అనుమానం గీదంలో మెకానిక్ మీద. ఆ ఏడాదే అతను రెండుసార్లు బ్రేకు షూలు మార్చాడు. ఆరునెలలు కూడా తిరక్కుండా బ్రేకులు అరిగిపోవడం ఏమిటి, నకిలీ సరుకు వేశాడు కాబట్టి కాదూ? గేర్ బాక్సు నూనె మార్చడానికి వెళ్ళినప్పుడు నేను కూడా వెళ్ళాను. స్టూలు వేయించుకుని కారు పక్కనే కూర్చున్నాను. కొత్త డబ్బా మూత నా ఎదురుగా తీయించి వాసన చూశాను. అతను నవ్వాడు, నేను నవ్వలేదు. పాత నూనె కిందికి దిగుతుంటే నల్లగా, కాఫీ డికాక్షన్‌లా ఉంది. అది ఎర్రగా, తేటగా ఉండాలట. అతను కారు బజారంతా తిప్పుకొచ్చి, "దీదీ, బాక్స్ ఏకదమ్ ఠీక్ హై," అన్నాడు. ఠీక్ అయితే నూనె ఎందుకు మాడింది అంటే భుజాలెగరేశాడు. తెలిసి చెప్పడం లేదనుకున్నాను.

మూడో అనుమానానికి నా దగ్గర రుజువు కూడా ఉండేది. ఆదివారాలు గీదం వెళ్ళినప్పుడు కారు ముక్కేది కాదు. డ్యూటీ రోజుల్లోనే ముక్కేది. అంటే ఏమిటి? గని ఆఫీసు దగ్గర కారు నిలబెట్టే చోట ఎవరో దాన్ని కెలుకుతున్నారు. మా ఆయనకి అదే మాట చెప్పాను.

"నా కారుతో ఎవరికే పని?" అన్నారాయన.

"కాలు బాగాలేని మనిషి కారెక్కి తిరుగుతుంటే కళ్ళలో నిప్పులు పోసుకునేవాళ్ళు ఉండరా?"

"అనుమానం పెనుభూతం," అని పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నారు. నేను వేడినూనె గిన్నె తీసుకుని ఆయన కాళ్ళ దగ్గర కూర్చున్నాను. రోజూ సాయంత్రం ఆ ఎడమ కాలికి నువ్వులనూనె కాచి రాయడం నా పని. "చాలు, చాలు, కాలుతోంది," అనేవారు పేపరు వెనక నుంచి. నేను కొంచెం ఆగి మళ్ళీ రాసేదాన్ని.

ఇక నాలుగో అనుమానం మా కింది వరసలోని క్వార్టర్ అతని మీద. గని వర్క్‌షాపులో డంపర్లు బాగుచేసే మనిషి. భేజ్జి వైపు పల్లెటూరు వాళ్ళది. ఇంట్లో దోర్లీ, బజారులో హిందీ, మాతో తెలుగు మాట్లాడేవాడు. మంచివాడే. కానీ ఒకసారి, "అమ్మాలనుకుంటే నాకే చెప్పు వదినా," అన్నాడు. అప్పటినుంచి అతను కారు వైపు చూసినా నేను అతని వైపు చూసేదాన్ని.

అలాంటివాడిని మా ఆయన ఒక ఆదివారం కారు చూడమని పిలిచారు. నాకు ఇష్టం లేదు. అయినా ఇంటి ముందర చేసే పని కదా, కళ్ళెదురుగానే ఉంటుందని ఊరుకున్నాను.

ముందు రోజు సాయంత్రం నేను నా వంతు పరీక్ష పెట్టాను. నూనె ఎక్కడైనా కారుతోందేమో తెలియాలని కారు కింద మా ఆయన తెల్లపంచె పరిచాను. పొద్దున్నే తీసి చూస్తే పంచె నిండా ఎరుపు. దొరికింది దొంగ అనుకున్నాను. కింది క్వార్టర్ అతను దాన్ని వేళ్ళ మధ్య నలిపి చూసి, "ఇది నూనె కాదు వదినా, మన ధూళి," అన్నాడు. నిజమే. మా ఊళ్ళో ఆరేసిన బట్టలు, మల్లెమొక్క ఆకులు, పిల్లుల వీపులు, అన్నీ ఆ ఖనిజం ధూళితో ఎర్రగానే ఉంటాయి. కడిగితే మర్నాటికి మళ్ళీ అంతే. అందుకే కార్లు కడగడం కూడా మానేశాం, అద్దం తుడుచుకుంటే చాలుననేవాళ్ళం. ఒక మంచి పంచె పాడైపోయింది.

తర్వాత నూనె కొలత. బానెట్ ఎత్తారు. అక్కడ ఇద్దరికీ వాదన పడింది.

"బండి ఆన్‌ల ఉండాలె అన్నా. ఆటోమేటిక్‌కి గట్లనే చూడాలె," అన్నాడతను.

"ఇంజను తిరుగుతుండగా బానెట్ కింద చెయ్యి పెట్టకూడదు. ముందు ఇంజను ఆపు, చక్రాలకి చెక్క పెట్టు, తర్వాతే చెయ్యి," అన్నారు మా ఆయన. గనిలో ఎంతోమంది కొత్తవాళ్ళకి ఆయన నేర్పిన పాఠం అది.

"ఏందన్నా, మైన్‌ల రూలు మైన్‌ల. ఇది నీ ఇంటి ముంగట."

చివరికి చక్రాలకి రాళ్ళు పెట్టాకే ఇంజను వెయ్యనిచ్చారు. కొలకడ్డీ తీసి తెల్లగుడ్డ మీద తుడిచాడు. నూనె సరిపడా ఉంది. కొత్తగా పోసి నెలన్నా కాలేదు, అప్పుడే గోధుమరంగుకి తిరిగింది. నేను కూడా గుడ్డ తీసుకుని వాసన చూశాను. అదే మాడిన పోపు.

"కారుతలేదు, తక్కువ లేదు. మరి మాడుడెందుకు?" అని తల గోక్కున్నాడతను. "ఒకపాలి చడావు మీద తోలి చూద్దాం."

ముందు అతను తోలాడు. నేను వసారాలో నిలబడి విన్నాను. కారు హాయిగా ఎక్కింది. తర్వాత మా ఆయన రబ్బరు చెప్పులు పక్కన విప్పేసి ఉత్త కాళ్ళతో తోలారు. అదీ హాయిగానే ఎక్కింది. ఆదివారం కదా, నాకేం ఆశ్చర్యం లేదు.

"బండి మంచిగనే ఉంది వదినా," అన్నాడు కింది క్వార్టర్ అతను తిరిగొచ్చి.

మంచిగా ఉందంటే నాకు ఇంకా ఒళ్ళు మండింది. అందరికీ మంచిగానే ఉంటుంది, మా ఆయనకి తప్ప. "నువ్వు వచ్చినప్పుడు బాగుంటుంది, నువ్వు లేనప్పుడు ముక్కుతుంది. ఇదేం మాయ తమ్ముడూ?" అని మొహం మీదే అడిగేశాను. మా ఆయన కళ్ళెర్రజేశారు. అతను మాత్రం చిన్నబుచ్చుకోలేదు.

"ఇంకో టెస్టు ఉంది. బాక్సు జారుతుందా లేదా ఈడనే తేలిపోతది," అని మళ్ళీ స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. మా ఆయన కర్ర ఆనించుకుని ముందువైపు నిలబడబోతే పక్కకి జరగమన్నాడు. నేను అతని తలుపు దగ్గరే నిలబడ్డాను, ఏం చేస్తాడో చూడాలిగా. ఎడమ కాలు బ్రేకు మీద బిగించి పెట్టాడు. గేరు ముందుకి వేశాడు. కుడి కాలితో రేసు తొక్కాడు. కారు వణికింది, ఇంజను గొంతు చించుకుంది, బండి అంగుళం కదల్లేదు.

పొద్దున్నే వసారాలో నిలబడి నేను వినే రొద అది. అదే గొంతు, అదే ముక్కుడు.

అతను కాలు తీసేశాడు. "జారుతలేదు. జారే బాక్సైతే రేసు ఇంకా పైకి పోయేది. ఎక్కువసేపు చెయ్యొద్దు ఇట్ల. బ్రేకు పట్టి రేసు తొక్కితే నూనె మాడిపోతది," అన్నాడు.

నూనె మాడిపోతుంది. బ్రేకులు అరిగిపోతాయి. చడావు మీద ముక్కుతుంది. నేను తలుపు పట్టుకుని అలాగే నిలబడిపోయాను. అంటే రోజూ ఎవరో కారుకి ఈ టెస్టు చేస్తున్నారు. ఆ ఎవరో పేరు నా నోటిదాకా వచ్చి ఆగింది. ఎడమ కాలికి బలం లేదు కదా అని నాకు నేనే చెప్పుకున్నాను. బలం లేదు, నిజమే. బరువో? డ్యూటీకి వెళ్ళేటప్పుడు టైమాఫీసులో కూర్చునే మనిషైనా సరే, ఇనుపముక్కు ఉన్న గని బూట్లు వేసుకోవాలి. అది రూలు, ఆదివారమైతే రబ్బరు చెప్పులే. ఒక్కో బూటు పచ్చడి జాడీ అంత బరువు. పైగా ఆయన నడిపిన డంపర్లో ఎడమ కాలి కింద ఒక పెడల్ ఉండేది. సరుకుతో కొండ దిగుతున్నంతసేపూ దాని మీద కాలు ఆనించి బండిని నిలవరించుకోవాలట. ఆ సంగతి ఆయనే నాకు ఎన్నోసార్లు గొప్పగా చెప్పారు.

ఇద్దరూ చేతులు కడుక్కోవడానికి వెళ్ళాక బకెట్లో నీళ్ళు తెచ్చి కారు వెనక లైట్ల అద్దాలు రెండూ కడిగాను. ఎర్ర ధూళి పెచ్చులు పెచ్చులుగా ఊడింది. వెలిగినా ఎవరికీ కనపడనంత మందంగా పట్టి ఉంది.

సోమవారం పొద్దున్న ఆయన బూట్లు తొడుక్కున్నారు. ఎడమ బూటు తాడు నేనే కట్టాను, ఎప్పటిలాగే. కారు బయల్దేరగానే వసారాలోకి పరిగెత్తాను. చడావు మొదట్లో ఇంజను అరవడం మొదలుపెట్టింది. ఎత్తెక్కే కారుకి బ్రేకు లైట్లు వెలగాల్సిన పనేముంది? వెలిగాయి. పైకి పాకుతున్నంతసేపూ రెండూ ఎర్రగా వెలుగుతూనే ఉన్నాయి, చడావు మీద మలుపు తిరిగేదాకా.

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నేను పట్టాను. పట్టి, వసారా నేల మీద చతికిలపడ్డాను. ఆ రోజు పొయ్యి ఆలస్యంగా వెలిగించాను.

ఒక సంగతి మాత్రం అర్థం కాలేదు. బ్రేకు మీద కాలుంటే మనిషికి తెలియదా? తెలిసే చేస్తున్నారా? ఆ పగలంతా ఆయన్నే అనుమానించాను. కారు వదిలించుకోవాలనుకుంటున్నారా అని కూడా ఒక వెర్రి ఆలోచన వచ్చింది.

సాయంత్రం ఆయన ఎప్పటిలాగే కుర్చీలో కూర్చుని పేపరు తెరిచారు. నేను నూనె గిన్నె తీసుకొచ్చాను. ఆ పూట నూనె కాచలేదు. సీసాలోంచి వంపిన చల్లటి నూనె అలాగే పిక్క మీద పోసి రాశాను.

"చాలు, చాలు. ఈ పూట మరీ ఎక్కువ కాచావు," అన్నారు పేపరు వెనక నుంచి.

నా చేతులు ఆగిపోయాయి. గిన్నె నేల మీద పెట్టి, "నూనె కాచలేదండీ," అన్నాను.

పేపరు కిందికి దిగింది.

"ఎప్పటినుంచి?" అన్నాను.

"మోకాలి కింద ఏమీ తెలియడం లేదు. వానల ముందునుంచి."

"నాకు చెప్పాలని లేదా?"

"నీకు చెప్తే డాక్టరుకి చెప్తావు. డాక్టరుకి చెప్తే కారు తాళం పోతుంది," అన్నారు. పేపరు మడుస్తూ, "ఇంక ఎన్నాళ్ళులే. బాక్సు ఎలాగూ పోతోంది," అన్నారు. అప్పుడర్థమైంది నాకు. ఆయనకి నిజంగా తెలియదు. అందరిలాగే ఆయన కూడా కారునే అనుమానిస్తున్నారు.

"బాక్సుకి ఏం రాలేదు. చడావు మీద మీరు బ్రేకు తొక్కుతున్నారు. వెనక లైట్లు వెలగడం నేను కళ్ళారా చూశాను," అన్నాను.

"నేనా? ఏ కాలితో?"

ఆయన కిందికి చూసుకున్నారు. నూనెతో మెరుస్తున్న తన ఎడమ కాలిని, పక్కింటివాళ్ళ వస్తువేదో మా ఇంట్లో పడి ఉన్నట్టు చూశారు. ఆ చూపు నాకిప్పటికీ గుర్తొస్తుంది.

తిట్టాలనుకున్న తిట్లన్నీ మర్చిపోయాను. బూటు విప్పేసి నడపండి, కాలు సీటుకి తువ్వాలుతో కడతాను, చడావు లేని దారిన వెళ్ళండి, నోటికొచ్చినవన్నీ చెప్పాను. ఆయన అన్నీ విన్నారు.

"కాలెక్కడుందో తెలియనివాడికి స్టీరింగ్ ఇవ్వకూడదు. ఎంతమందిని ఆ మాట చెప్పి దింపేశానో నీకు తెలీదు," అని, జేబులోంచి తాళం తీసి నా చేతిలో పెట్టారు. నూనె చేతిలో అది జారి కింద పడింది. నేనే వంగి తీసుకున్నాను.

డాక్టరు నడుం దగ్గర నరం నొక్కుకుపోయిందన్నాడు, కుడి కాలికీ రావచ్చు, కనిపెట్టుకుని ఉండమన్నాడు. అది విని వచ్చిన మర్నాడు ఆయన మళ్ళీ మెట్ల మీద కూర్చున్నారు. రోడ్డుకి వీపు పెట్టి. ఒకరోజు చూశాను, రెండోరోజు చూశాను. మూడోరోజు నా వల్ల కాలేదు. కొంగు దోపుకుని తాళం తీసుకెళ్ళి కారులో కుడివైపు కూర్చున్నాను. నాకు సైకిలు కూడా రాదు. "రెండే పెడళ్ళు, గేర్లు దానంతట అదే వేసుకుంటుందని మీరే కదా అన్నారు. రండి, నేర్పండి," అన్నాను.

రానన్నారు. హారన్ కొట్టాను. కింది క్వార్టర్ వాళ్ళు కూడా బయటికొచ్చి చూస్తుంటే సిగ్గేసి లేచి వచ్చారు.

గనిలో కొత్తవాడికి చెప్పినట్టే చెప్పారు. ముందు అద్దం చూడు, చక్రాల కింద చూడు, తర్వాత తాళం తిప్పు. కాలనీ ఖాళీ మైదానంలో ఎన్నో సాయంత్రాలు తిరిగాక, ఒక పొద్దున్న ఆయన్ని డ్యూటీకి దింపడానికి నేనే బయల్దేరాను. చడావు వచ్చింది. రేసు తొక్కాను. కారు ముక్కలేదు, మూలగలేదు, మెత్తగా ఎక్కేసింది. అటువైపు దిగుడు మొదలైంది.

నాకు అనుమానం ఎక్కువని ముందే చెప్పాను. దిగుతూ పక్కకి ఓరగా చూశాను. ఆయన ఎడమ బూటు నేను సర్ది పెట్టినచోటే, పెట్టినట్టే ఉంది. కుడి బూటు మాత్రం ప్రతి మలుపు దగ్గరా, ఏ పెడలూ లేని ఖాళీ నేల మీద, బలంగా బ్రేకు తొక్కుతోంది.

నాకు ప్రాణం లేచి వచ్చింది. మళ్ళీ చూశాను. మళ్ళీ తొక్కారు.

"నా కాళ్ళు కాదు," అన్నారు మా ఆయన, "రోడ్డు చూడు."